పగిలిన గాజు మూటలు

ల్యాబు అల్మారా తాళంచెవి పద్నాలుగేళ్లు నా కొంగుకే ఉంది. చీర మారేది గానీ అది కొంగు దిగలేదు. పెళ్లికి పోయినా, దవాఖానకు పోయినా, ఒకసారి చిల్పూరు గుట్ట ఎక్కి దేవుడికి మొక్కుతున్నప్పుడు కూడా కొంగుకే ఉంది. పిల్లలు నా ముందు "అవ్వా" అనేవాళ్లు, నేను అటు తిరగ్గానే "తాళమవ్వ" అనేవాళ్లు. నాకు వినిపించేది. అందులో తిట్టు ఉందని అప్పుడు తోచలేదు. పని గట్టిగా చేస్తున్నందుకు వచ్చిన పేరనుకున్నాను.

నేను చదివింది నాలుగో తరగతి. మా ఆయన సర్కారు డిగ్రీ కాలేజీలో అటెండరు. సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. జనగామలో గదులు ఊడ్చాను, భూపాలపల్లిలో గంట కొట్టాను, మానుకోట దిక్కున కూడా చేశాను. ఈ మూడు జిల్లాల్లో ఏ కాలేజీలో ల్యాబు అటెండరునై రిటైరయ్యానో మాత్రం రాయను. అందరూ బతికున్నవాళ్లే, చాలామంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నవాళ్లే. కొత్తగా సర్కారు నౌకరీలో చేరిన పిల్లలు ఇది చదివితే మంచిది. దొంగతనం చేస్తే తప్పని ఎవరికైనా తెలుసు. మంచిపని అనుకొని చేసే తప్పును ఎవరూ చెప్పరు, చెప్పినా మనం వినం. నేను చేసింది అట్లాంటిది.

మాది కెమిస్ట్రీ ల్యాబు. నేను అందులో అడుగుపెట్టిన ఏడే నాకంటే ముందు పనిచేసిన పెద్దమనిషి రిటైరయ్యాడు. సామానులో మందులు తూచే రెండు త్రాసులు తక్కువొచ్చాయని ఆయన పెన్షన్ కాగితాలు ఆపారు. అవి అంతకు ముందెప్పుడో ఎవరో సారు వేరే కాలేజీకి తీసుకుపోయినవి. ముసలాయన చెప్పులరిగేలా తిరిగాడు. మా ల్యాబు గడప మీద కూర్చొని నాతో ఒకటే మాటన్నాడు: "బిడ్డా, ఎవర్ని నమ్మినా అల్మారాను నమ్మకు. తాళమేసుకో."

ఆ మాట నాకు బాగా పట్టింది. ఇంట్లో కూడా నా తీరు అదే. సబ్బు చిన్నదైతే కొత్త సబ్బుకు అంటించి రుద్దుకుంటాం. ల్యాబులో పిల్లలు నల్లా విడిచిపెట్టి గ్లాసులు కడిగితే ఊరుకునేదాన్ని కాదు. బకెట్లో నీళ్లు పట్టించి ముంచి కడిగించేదాన్ని. మూడు టెస్టు ట్యూబులు అడిగితే రెండిచ్చేదాన్ని. ఉప్పు, అంటే వాళ్లు పరీక్ష చేసే రసాయనం, చెంచాడు అడిగితే గోరుమీద పట్టేంత పెట్టేదాన్ని.

ఆరేడేళ్లు మా ల్యాబుకు ఏమీ రాలేదు. తర్వాత ఒక ఏడు ఉన్నట్టుండి ఏదో పథకం కింద మూడు పెద్ద పెట్టెలు వచ్చాయి. కొత్త ట్యూబులు, బీకర్లు, సీలు విప్పని మందు సీసాలు. పెట్టె తెరిస్తే గడ్డిలో పెట్టిన కోడిగుడ్ల లాగా మెరుస్తున్నాయి. మళ్లీ ఎప్పుడొస్తాయి అని పెద్ద గుమాస్తాను అడిగితే, "అక్కా, వాన ఎప్పుడు పడ్తదో నన్నడుగుతున్నవా" అన్నాడు. నేనేం చేస్తాను? ఉన్న కుండలన్నీ నింపుకొని మూతపెట్టినట్టు మొత్తం అల్మారాల్లోకి ఎక్కించి తాళం వేశాను. పాత సామానుతోనే ప్రాక్టికల్స్ నడిపించాను. పాత ట్యూబులకు అంచులు పగిలి ఉండేవి, అడుగున వెంట్రుకంత బీట ఉండేది. మంట మీద పెడితే టప్పుమనేవి. పగిలినకొద్దీ నేను పిల్లల మీద కోప్పడేదాన్ని, ఇంకా గట్టిగా తాళం బిగించేదాన్ని. బీట పడ్డదాన్ని చేతికిచ్చింది నేనే అన్నది నా బుద్ధికి అందలేదు.

పగిలిన గాజుకు ఒక కట్టుబాటు ఉంది. ఊరికే పారేయరాదు. ఏడాదికోసారి పై ఆఫీసు మనిషి వచ్చి ముక్కలు కండ్లారా చూసి, స్టాకు బుక్కులో కొట్టేయాలి. అప్పటిదాకా ముక్కలు దాచాలి. ఆ మనిషి రావడం ఎన్నడో మానేశాడు. నేను దాచడం మానలేదు. ఏ రోజు పగిలినవి ఆ రోజు పాతగుడ్డలో మూటగట్టి, ఒక చీటీ రాసి లోపల పెట్టేదాన్ని. తారీకు, ఏ ప్రయోగం, ఎవరి చేతిలో, ఎట్ల పగిలింది. నాలుగో తరగతి అక్షరాలు, తప్పులతోనే. మూటలు గోనె సంచుల్లోకి, సంచులు సైకిళ్ల షెడ్డులోకి. షెడ్డు సగం నిండాక ఊడ్చేవాళ్లు పాములు చేరుతున్నాయని గోల పెట్టారు. ప్రిన్సిపాల్ సారు రెండుసార్లు పారేయమన్నారు. రాసివ్వండి సారూ పారేస్తా అన్నాను. ఆయన రాసివ్వలేదు.

నా సర్వీసు చివరి ఏడు కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. ఇకనుంచి కాలేజీలకు పైసలు అందరికీ పంచినట్టు పంచరు. ఏ గ్రూపులో చదువు నిజంగా నడుస్తుందో, ఇచ్చిన సామాను ఎవరు వాడుతున్నారో చూసి ఇస్తారు. నడవని గ్రూపులు ఎత్తేస్తారు. వినడానికి న్యాయంగానే ఉంది. యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తుందన్నారు. మా కాలేజీలో వాళ్ల కన్ను పడ్డది బీజడ్‌సీ మీద. చెట్లు, జంతువులు, రసాయనాలు మూడూ కలిపి చదివే డిగ్రీ అది. చేరేవాళ్లు తగ్గుతున్నారు. దాని జాగాలో కంప్యూటర్ కోర్సు పెట్టాలని, దానికి ఫీజు పిల్లలే కట్టుకోవాలని ఒక ఆలోచన నడుస్తోంది. ప్రిన్సిపాల్ సారుకు అది ఇష్టమే. ఆయన చెడ్డమనిషి కాదు. పై కప్పు మూడు గదుల్లో కారుతోంది, ఆ ఫీజులు వస్తే బాగుచేయిద్దామని ఆయన ఆశ.

ఈ సంగతి నాకు సరిగా ఎక్కించింది కొత్తగూడ దిక్కు నుంచి వచ్చే పిల్ల. పొద్దుటి మొదటి బస్సుకు వచ్చేది, సద్దిగిన్నె ల్యాబు కిటికీలో పెట్టుకునేది. నోరు జరంత ఎక్కువ. సెకండియర్. గ్రూపు ఎత్తేస్తే ఏం చేస్తావే అని అడిగితే, హనుమకొండలో ప్రైవేటు కాలేజీకి పోవాలె, లేకుంటే ఇంట్ల కూసోవాలె అంది. వాళ్ల అక్క అట్లాగే ప్రైవేటులో చేరింది. సర్కారు నుంచి ఫీజు రాలేదని ఆ కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఆపేశారు. రెండేళ్లుగా ఆ పిల్ల చదివిన చదువు ఎవరి బీరువాలోనో ఉంది, పిల్ల మిరపతోటలో కూలికి పోతోంది. "మా నాయిన నన్ను గూడ పంపుతడా అవ్వా? పంపడు," అని చెప్పి, సద్దిగిన్నె కడుక్కోవడానికి పోయింది. బకెట్లోనే కడిగింది, నల్లా విప్పలేదు.

మా కెమిస్ట్రీ మేడం పాలకుర్తి పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం, నా చిన్నకూతురి వయసు. పాఠం చెబితే గోడ కూడా వినేది. కొత్త సీసాలు తియ్యమని నన్ను ఎన్నోసార్లు అడిగింది. నేను ఆడిటు అనేదాన్ని, లోటు అనేదాన్ని, ముసలాయన పెన్షన్ కథ చెప్పేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది. పర్మినెంటు అటెండరు మీద కాంట్రాక్టు మేడం ఎట్ల జులుం చేస్తుంది? అది కూడా నాకు తెలుసు. తెలిసే వాడుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యాడదు.

కమిటీ వచ్చే ముందు రోజు ల్యాబు తళతళలాడాలని ప్రిన్సిపాల్ సారు చెప్పారు. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పండక్కీ ఇల్లు సర్దలేదు. పాత సామాను తట్టల్లోకెత్తి షెడ్డులో పెట్టాను. అల్మారాలన్నీ తెరిచి కొత్త సామాను బల్లల మీద వరసగా పేర్చాను. ట్యూబులు ఇంకా కాగితం చుట్టలోనే ఉన్నాయి. సీసాలకు సీలు సీలుగానే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కటి పోలేదు, ఒక్కటి పగల్లేదు. వచ్చినవాళ్లు చూసి నాకు శాలువా కప్పుతారేమో అని కూడా ఒక పిచ్చి ఆలోచన వచ్చింది.

కమిటీలో ముగ్గురు. పెద్దాయన తెల్లజుట్టు ప్రొఫెసరు. ఒక ఆడ ప్రొఫెసరు. ఇంకొకాయన రాసుకునేవాడు. పెద్దాయన ల్యాబంతా మెల్లగా తిరిగాడు. ఒక సీసా తీసి మూత చూశాడు. ఇంకొకటి తీశాడు. ట్యూబుల చుట్ట మీద కాగితం గోటితో గీరాడు. నేను గోడకు ఆనుకొని, మెచ్చుకోలు ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అని నిలబడ్డాను. ఆయన మేడం దిక్కు తిరిగి ఈ మందు ఎప్పుడొచ్చిందని అడిగాడు. మేడం చెప్పింది. అయితే ఇన్నేళ్లు ఇక్కడ ప్రాక్టికల్స్ జరగలేదన్నమాట అన్నాడు ఆయన. జరిగాయి సార్ అని మేడం రికార్డు పుస్తకాలు ముందు పెట్టింది. ఆయన ఒకటి తిప్పి మూశాడు. రికార్డులు ఇంట్ల కూసోని ఒకళ్లది చూసి ఒకళ్లు రాస్తరు, నేను గూడ అట్లనే రాసినా అన్నాడు. కోపం లేదు ఆయన గొంతులో. ఉంటే బాగుండేది.

"పైసలిస్తే తాళమేసి పెట్టే కాలేజీకి మళ్ల పైసలెందుకియ్యాలె, మీరే చెప్పున్రి," అన్నాడు.

ప్రిన్సిపాల్ సారు నేల చూశారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని పెద్దాయన అడిగాడు. నా చెయ్యి కొంగు మీదికి పోయింది. నోరు మాత్రం తెరుచుకోలేదు. నాకు రిటైర్మెంటు ఎనిమిది నెలల దూరంలో ఉంది. ముసలాయన చెప్పులు కండ్ల ముందు కనిపించాయి.

"నా దగ్గర్నే సార్," అంది మేడం. "తప్పు నాది."

ఆయన పక్కనున్నాయనకు ఏదో చెప్పి రాయించాడు. గ్రూపు ఎత్తేయడం అన్న మాట నాకు వినిపించింది. వాళ్లు భోజనానికి ప్రిన్సిపాల్ గదికి పోయారు. మేడం కిటికీ దగ్గర నిలబడి దస్తీతో ముక్కు తుడుచుకుంది. నా దిక్కు చూడలేదు. చూసి తిడితే నాకు సులువయ్యేది. అంతలో కొత్తగూడ పిల్ల లోపలికొచ్చింది. వరండాలో నిలబడి అంతా విన్నదట. బల్ల మీది కొత్త ట్యూబుల దగ్గరికి పోయి, చేతులు వెనక కట్టుకొని నిలబడింది.

"అవ్వా, ఇప్పుడన్న వీటిని ముట్టుకోవచ్చునా? ఎట్లాగూ మాకు పని లేదు గదా," అంది.

నన్ను చాలామంది చాలా మాటలన్నారు. అత్త అన్నది, ఆఫీసర్లు అన్నారు. ఏ మాటా అట్లా తగల్లేదు. నేరుగా బయటికి నడిచాను.

ప్రిన్సిపాల్ గదిలో వాళ్లు ఇంకా పెరుగన్నం దగ్గరున్నారు. పిలవకుండా ఆ గదిలోకి పోవడం నా సర్వీసులో అదే మొదటిసారి. కొంగు ముడి విప్పి తాళంచెవి బల్ల మీద పెట్టాను.

"చాబి నా కొంగుకే ఉంటది సార్. మేడం అబద్ధమాడింది. దాసింది నేనే. ఆమె అడిగినా ఇయ్యలే."

ప్రిన్సిపాల్ సారు నన్ను బయటికి పొమ్మని చెయ్యి ఊపారు. పెద్దాయన ఆగమన్నాడు. ఎందుకు దాచావని అడిగాడు. నేను నిజమే చెప్పాను.

"మళ్ల ఎప్పుడస్తయో ఎవ్వరు చెప్పలే సార్. ఆరేండ్లు ఒక్క సీస రాలే. ఒక్కనాడు మూడు పెట్టెలు దించిపోయిన్రు. రేపటికి ఉంటదో ఉండదో తెల్వకుంటే ఇంటి ఆడిది ఏం చేస్తది? దాస్తది."

ఆయన చెయ్యి పళ్లెంలోనే ఆగింది. ఆడ ప్రొఫెసరు నవ్వు ఆపుకున్నట్టుంది. నిజంగా ప్రాక్టికల్స్ జరిగితే దేంతో జరిగాయి, ఆ పాత సామానేదీ అని పెద్దాయన అడిగాడు. షెడ్డులో ఉంది సార్, పగిలినవి కూడా ఉన్నాయి అన్నాను. పగిలినవి ఎందుకున్నాయన్నాడు. కొట్టేయనీకి మీ ఆఫీసోళ్లు రాలేదు సార్, అందుకున్నాయి అన్నాను.

చేతులు కడుక్కొని ముగ్గురూ షెడ్డుకొచ్చారు. నేను ఒక్కో సంచి మూతి విప్పి మూటలు బయట పెట్టాను. ఆడ ప్రొఫెసరు కింద కూర్చొని ఒక మూట విప్పింది, చీటీ తీసి పైకి చదివింది. "మంగలవారం. సాల్టు పరీక్ష. ట్యూబు మంట మీద పగిలె. బాలింత పిల్ల చేతిలో. చెయ్యి కాలలేదు." ఇంకొకటి విప్పింది. "పిపెట్టు. నోటితో పీల్చి దగ్గు వచ్చి వదిలిపెట్టె. మేడం తిట్టె. నేను గూడ తిట్టితి." రాసుకునే ఆయన నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. ఒక సంచి నుంచి ఇంకో సంచికి పోతూ తారీకులు చూస్తున్నాడు. ప్రతి ఏడూ ఉన్నాయి, ప్రతి వారమూ ఉన్నాయి. రికార్డు పుస్తకం ఇంట్లో కూర్చొని రాయవచ్చు. మసిపట్టి, అడుగున మందు ఎండి అంటుకున్న ముక్కలను ఎవరు ఇంట్లో కూర్చొని చేస్తారు?

చాలాసేపటికి లేచి మోకాళ్లు దులుపుకొని, ఒక పిల్లను పిలవండి, ఇప్పుడు నా ముందు చేయాలి అన్నాడు. మేడం కొత్తగూడ పిల్లను పిలిచింది. ఆయనే ఒక ఉప్పు పొట్లం కట్టి ఇచ్చి, అదేమిటో చెప్పమన్నాడు. పిల్ల కొత్త ట్యూబు చేతిలోకి తీసుకుంది. అంత నున్నటిది ఎప్పుడూ పట్టలేదేమో, వేళ్లకు పట్టు చిక్కలేదు. జారింది. బల్ల అంచుకు కొట్టుకొని నేల మీద వెయ్యి ముక్కలైంది.

నేను వంగి ముక్కలు ఏరుతున్నాను. ఏరినవి పక్కన పెట్టి, చిన్న పుస్తకం లోంచి కాగితం చింపి తారీకు వేస్తున్నాను. నాకు తెలియకుండానే చేస్తున్నాను. అది చూసి పెద్దాయనకు నవ్వొచ్చింది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత గట్టిగానే నవ్వాడు. "ఇంకోటియ్యమ్మా. ఇయ్యాల లోటు నా పేరు మీద రాయి," అన్నాడు.

ఇంకొకటిచ్చాను. ఈసారి పిల్ల చెయ్యి నిలకడగా ఉంది. ఒక్కో పరీక్షా దాటుకుంటూ వచ్చి చివరి దగ్గర ఆగింది. ట్యూబు వంచి ఆసిడు చుక్కలు గోడ వెంట జారవిడవాలి, తొందరపడితే కలిసిపోతుంది. ఇది నేను పద్నాలుగేళ్లు చూసిన పని. నోరు ఊరుకోలేదు.

"గోడ వెంట బిడ్డా, పానం పోయినట్టు మెల్లగ."

రెండు నీళ్లు కలిసే చోట సన్నగా, గోధుమరంగులో ఉంగరం తేలింది. నైట్రేటు సార్, అంది పిల్ల. ఆయన ట్యూబు కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు. మసకబారని ట్యూబులో ఆ ఉంగరం అంత స్పష్టంగా కనబడటం మా ల్యాబులో నేనూ చూసింది అదే మొదటిసారి. ఇన్నేళ్లు వీళ్లకు ఇది మసక గాజులో చూపించానా అనుకున్నాను.

పోయేముందు ఆయన పాత కాగితం చింపి కొత్తది రాయించాడు. గ్రూపు ఉంటుంది. తాళంచెవి ఇకనుంచి మేడం దగ్గర ఉండాలి. సామాను వాడాలి, ఏ ఏటికా ఏడు ఏమేం కావాలో మేడమే అడగాలి. అడిగితే ఇస్తారా సార్ అని నేను అడిగాను. రాస్తానమ్మా, ఇచ్చేది నా చేతుల్లో లేదు, కానీ ఈ సంచుల సంగతి కూడా రాస్తాను అన్నాడు. కప్పు సంగతి కూడా రాయమని ప్రిన్సిపాల్ సారు అడిగారు. అది కూడా రాశారు. నాకు మాత్రం ఒక మెమో ఇచ్చారు, సామాను అక్రమంగా నిలవ పెట్టినందుకు. నా సర్వీసులో అదొక్కటే మెమో. ఇంటికి తెచ్చుకొని మడతపెట్టి దాచాను. ఆ రోజు బస్టాండుకు నడుస్తుంటే కొంగు తేలిగ్గా ఎగురుతోంది, ఏదో పోగొట్టుకున్నట్టు రెండుసార్లు తడుముకున్నాను. పోయింది బరువేనని తెలిసి ఒక చాయ్ తాగాను. పూర్తి చాయ్, సగం కాదు.

మిగిలిన ఎనిమిది నెలలు నాకు కష్టంగానే గడిచాయి. పిల్లలు ఇష్టమొచ్చినట్టు వాడేవాళ్లు, పగిలినప్పుడల్లా నేను పళ్లు కొరుక్కునేదాన్ని. మేడం నా మొఖం చూసి నవ్వేది. పెన్షన్ మాత్రం ఆగలేదు. లోటు ఒక్కటీ రాలేదు, మూటలన్నీ ఉన్నాయి కదా.

ఉద్యోగంలో చేరిన పిల్లలకు నేను దుబారా నేర్పుతున్నానని అనుకోకండి. సబ్బుముక్క ఇప్పటికీ అంటించే రుద్దుకుంటాను. నల్లా విడిచిపెడితే ఇప్పటికీ తిడతాను. కానీ చదువుకోసం ఇచ్చిన సామానును చదువుకు అందకుండా కాపాడితే అది కాపాడటం కాదని, అరవయ్యో ఏట నాకు ఎక్కింది. మీకు ఇంకొంచెం ముందే ఎక్కాలని రాశాను.

కొత్తగూడ పిల్ల డిగ్రీ అయ్యాక పీజీ చేసింది. సర్టిఫికెట్లు ఎవరూ ఆపలేదు. ఈ ఏడు భూపాలపల్లి దిక్కున ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. మొన్న ఫోన్ చేసింది.

"అవ్వా, ఇయ్యాల మా పిల్లలు మూడు ట్యూబులు పలగొట్టిన్రు. మా అటెండరన్న అల్మారకు తాళమేస్తనంటున్నడు. ఏం చెయ్యమంటవు?"

"పలగనియ్యి బిడ్డా," అన్నాను. "చాబి నువ్వు తీస్కో. ముక్కలు మాత్రం పారెయ్యకు. చీటీ రాసిపెట్టు."